టిఫిన్ ఎక్కడి మాట?

ప్రశ్న: రోజూ పొద్దున్నే "టిఫిన్ చేశారా?" అని అడుగుతాం కదా, ఈ టిఫిన్ ఏ భాష మాటండీ? అరబ్బీ మాటని మావారు అంటారు. చైనా నుంచి వచ్చిందని మా అబ్బాయి ఎక్కడో చదివాడట. ఫలహారం అని మనకో మాట ఉండగా దీన్ని పట్టుకు వేలాడాలా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ ఇంట్లో వాదన చాలా పాతదమ్మా. ఇండియాలో దొరల నోట నలిగిన మాటలన్నీ పోగుచేసి యూల్, బర్నెల్ అనే ఇద్దరు కూర్చిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు 1886లో అచ్చయింది. మీవారి మాటా, అబ్బాయి మాటా రెండూ అందులో ఉన్నాయి. అరబ్బీలో 'తఫన్నున్' అంటే వినోదం. దాన్ని తిండికి వాడిన దాఖలా లేదని వాళ్లు తోసేశారు. చైనా భాషలో 'చి ఫాన్' అంటే అన్నం తినడం. ఏ మాటనైనా ముక్కలు చేసి చైనా మాటల్లో ఇమడ్చవచ్చని దాన్నీ పక్కన పెట్టారు. వాళ్లు ఒప్పుకున్నది ఇంగ్లీషు బజారుమాట 'టిఫింగ్'. ఫ్రాన్సిస్ గ్రోస్ 1785లో వేసిన బజారుమాటల నిఘంటువులో దానర్థం, భోజనవేళ కాని వేళ తినడం, తాగడం.

నేనూ అటే మొగ్గుతాను. అందుకు నాకున్న సాక్షి మా నాయనమ్మ.

శనివారం రాత్రి ఆవిడ అన్నం ముట్టేది కాదు. ఇత్తడి గిన్నెలో పోపు వేసి, నీళ్లు పోసి, నానిన పెసరపప్పు వేసేది. ఎసరు తెర్లాక బియ్యపు రవ్వ పోసి, సన్నటి సెగ మీద ఉప్పిండి మగ్గబెట్టేది. అడుగున ఎర్రగా కట్టిన మాడుచెక్క కోసం పిల్లలం గిన్నె చుట్టూ చేరేవాళ్లం. "రవ్వ కూడా బియ్యమే కదా నాయనమ్మా?" అని అడిగితే, "అన్నం కాదుగా, టిఫినే!" అనేది. ఆవిడకు ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. గ్రోస్ చెప్పింది వేళ సంగతి, నాయనమ్మ చెప్పింది అన్నం సంగతి. అయినా ఇద్దరి లెక్కలోనూ అది భోజనం కాదు. దొరలు పోనుపోను మధ్యాహ్న భోజనాన్నే టిఫిన్ అన్నారు. మనం మాత్రం పెసరట్టు, ఇడ్లీ, ఉప్మా దగ్గరే ఆగాం. ఇక చైనా వాదానికి వస్తే, 'చి ఫాన్'లో ఉన్నదే అన్నం. మనింట్లో అన్నం వడ్డిస్తే దాన్ని టిఫిన్ అనం కదా!

ఫలహారం సంగతీ చూడండి. అసలు అర్థం పండ్లు తినడం. ఉపవాసాల పుణ్యమా అని ఆ మాట అరటిపండు దగ్గర మొదలై అట్ల పెనం దాకా వచ్చింది. టిఫిన్ వచ్చి దాని పక్కనే పీట వేసుకుంది. "భోజనం చేశారా", "ఫలహారం చేశారా" అన్న వరసలోనే "టిఫిన్ చేశారా" అంటున్నాం. కాఫీ తాగుతాం, బిస్కెట్ తింటాం, టిఫిన్ మాత్రం చేస్తాం. ఇంతగా మన వ్యాకరణంలో కలిసిపోయిన మాటను వెళ్లగొట్టమని నేను చెప్పలేను. ఫలహారాన్నీ వదలకండి. మా ఇంట్లో రెండూ నడుస్తున్నాయి. పిల్లల్ని బడికి తరిమేటప్పుడు టిఫిన్, పెద్దవాళ్లు ఇంటికొస్తే ఫలహారం.

మీ గోదావరి వైపు పెద్దవాళ్లు శనివారం రాత్రి తినేదాన్ని ఏమనేవారో అడిగి రాయండమ్మా, పలారమా, టిఫినా?