ఉద్యోగం చేస్తూ స్థలాలు కొనిపెట్టుకోవచ్చా?

విజయనగరంలో ఉద్యోగం చేస్తూనే ఒక్కొక్కటిగా స్థలాలు, ఇళ్లు కొనడం కుదురుతుందా అంటే, కుదురుతుంది. కాకపోతే ఖాళీ సైటు మీద అద్దె రాదు, ఈఎంఐ మాత్రం నెలనెలా కట్టాల్సిందే, కాబట్టి మొదటిది అద్దె వచ్చే చిన్న ఇల్లయితే నయం. కాగితాల పని చాలావరకు డ్యూటీ అయ్యాక ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు: ఈసీ (ఆస్తి మీద పాత రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం) ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, పొలమైతే ప్రభుత్వ వెబ్‌సైట్ మీభూమిలో 1బీ (పొలం ఎవరి పేరున ఉందో చూపే రికార్డు), అడంగల్ (సాగు వివరాల రికార్డు) చూడొచ్చు, సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయని భూముల జాబితా) ఉందేమో చూడకుండా మాత్రం అడ్వాన్సు ఇవ్వకండి. భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి అమ్మే పెద్ద లేఅవుట్లకు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు అడగండి, బ్రోకరు నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి. ఆదివారం సైటుకెళ్లి హద్దురాళ్లు, దారి, వానకు నీళ్లు నిలిచే పల్లమా అన్నది మీరే చూసుకోవాలి. ప్రభుత్వోద్యోగులైతే కొనే సంగతి ఆఫీసుకు ముందే రాసివ్వాలి, అది మరవొద్దు.