ఇంటి ముందు జాగా: కారుకెంత, మొక్కలకెంత?

ప్రశ్న: ఉప్పల్‌లో ఇల్లు కట్టుకున్నాం. గేటు నుంచి మెట్ల దాకా 16 అడుగులు, వెడల్పు 30. వాన పడితే నీళ్లు మెట్ల దగ్గరే నిలుస్తున్నాయి. మొత్తం బండలు పరిచేద్దామంటున్నాడు మేస్త్రీ. కారూ ఆగాలి, మొక్కలూ ఉండాలి.
– ఓ పాఠకురాలు

జవాబు: మొత్తం బండలు వద్దండీ, వాన నీరు ఇంకే దారే ఉండదు. ముందు వాటం (నేల వాలు) సరిచేయించండి. మెట్ల నుంచి గేటు వైపు 16 అడుగులకు 3 అంగుళాలు దిగాలి. కంటి అంచనాతో కాదు, లెవెల్ పైపుతో (నీళ్లు నింపి మట్టం చూసే గొట్టం) గుర్తు పెట్టించండి.

కారుకు 10 అడుగుల వెడల్పు వదిలి, 60 ఎంఎం మందం పేవర్లు (నేల మీద పరిచే సిమెంటు దిమ్మెలు) వేయించండి. కింద 6 అంగుళాల కంకర, డస్టు (రాతి పొడి) బాగా దిమ్మిస కొట్టించి, పైన అంగుళం ఇసుక. అంచుల్లో సిమెంటు కట్ట తప్పనిసరి. అది లేకపోతే చక్రాల బరువుకు పేవర్లు పక్కకు జరిగి, మధ్యలో గాడి పడుతుంది. గేటు పక్కకు జరిగేది పెట్టించండి, లోపలికి తెరుచుకుంటే కారుకు తగులుతుంది.

గేటు పక్క మూలలో, పునాదికీ సంపుకీ దూరంగా, పొడవు, వెడల్పు, లోతు 4 అడుగులుండేలా ఇంకుడు గుంత తవ్వించండి. అడుగున 40 ఎంఎం కంకర, దానిపై 20 ఎంఎం, పైన దొడ్డు ఇసుక. ఏటా వానలకు ముందు పై ఇసుక తీసి కడగాలి, ఒండ్రు పేరుకుంటే నీరు దిగదు.

మొక్కల చోట ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు ఉంటే అడుగున్నర లోతు తీసేసి, రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు నింపండి. నందివర్ధనం, మందారం, కరివేపాకు చాలు. రావి, మర్రి మొలకలు గోడ పక్కన కనబడగానే పీకేయండి.