ఫోన్‌లో చెప్పలేని కృతజ్ఞత: సమాధానం

వేరే దేశంలో వాలంటీరుగా ఉంటూ ఇంట్లోవాళ్లకు కృతజ్ఞత చెప్పాలని ఫోన్ చేస్తే, మాటలు ‘తిన్నావా’ దగ్గరే ఆగిపోతున్నాయని రాశారు కదండీ. ఉత్తరం రాయండి. ఒక్కొక్కరికి విడిగా, పేజీ చాలు.

‘నాకోసం ఎంతో చేశారు’ అనేది ఎవరికైనా రాయొచ్చు, అందుకే మనసుకు తాకదు. ఒక్క పని పట్టుకోండి: పరీక్షలప్పుడు నాన్న తెల్లవారుజామున మీతోపాటు లేచి కూర్చోవడం లాంటిది. దానివల్ల ఇవాళ అక్కడ మీరేం చేయగలుగుతున్నారో కలపండి. అక్కడివాళ్ల లేమితో పోల్చి ‘మనం అదృష్టవంతులం’ అని మాత్రం అనకండి. అది వాళ్లను చిన్నబుచ్చడమే.

రాసింది చదివి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టండి. సిగ్నల్ లేకపోయినా రికార్డవుతుంది, నెట్ రాగానే వెళ్తుంది.

2005లో అమెరికన్ మనస్తత్వవేత్త మార్టిన్ సెలిగ్మన్ బృందం ప్రచురించిన అధ్యయనంలో కృతజ్ఞతా లేఖ స్వయంగా అందించినవాళ్ల సంతోషం నెలపాటు నిలిచింది, మూడు నెలలకు పోయింది. కాబట్టి ఒక్కదానితో ఆపకండి.