ఇంటర్వ్యూ అయిపోయింది, దడ మాత్రం పోవట్లేదు

ప్రశ్న: నా వయసు 24. మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. బీటెక్ అయ్యాక ఎస్ఆర్ నగర్‌లో హాస్టల్‌లో ఉంటూ అమీర్‌పేటలో కోర్సు చేశాను. మూడు వారాల క్రితం ఒక కంపెనీలో చివరి రౌండ్ దాకా వెళ్లాను. 'మీ గురించి చెప్పండి' అనగానే నోరు ఎండిపోయింది, చేతులు వణికాయి, తెలిసిన జవాబులు కూడా చెప్పలేకపోయాను. ఉద్యోగం రాలేదు. అప్పట్నుంచి రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టదు, అదే సీను కళ్లముందు తిరుగుతుంది. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే గుండె దడ. వచ్చే గురువారం ఇంకో ఇంటర్వ్యూ ఉంది, వెళ్లాలనిపించట్లేదు. మా రూమ్మేట్ ఇంటర్వ్యూలకి ముందు ప్రొప్రనొలాల్ మాత్ర వేసుకుంటాడు, నాకూ రెండు ఇచ్చాడు. వేసుకోవచ్చా? నాకు చిన్నప్పట్నుంచి ఉబ్బసం ఉంది, చలికాలంలో ఇన్‌హేలర్ వాడతాను. ఇంకోటి, టెన్షన్‌గా ఉందని ఇంటర్వ్యూలోనే చెప్పేస్తే తప్పా?
- ఓ పాఠకుడు, హైదరాబాద్

డాక్టర్ సలహా:

ముందు ఆ మాత్రల సంగతి. వేసుకోవద్దు, ఆ రెండూ తిరిగి ఇచ్చేయండి. ఉబ్బసం గురించి మీరు మాటవరసకి అన్నట్టు చివర్లో రాశారు గానీ మీ ఉత్తరం మొత్తంలో నన్ను ఉలిక్కిపడేలా చేసిన మాట అదే. కంగారు పడినప్పుడు ఒంట్లో విడుదలయ్యే హార్మోన్ అడ్రినలిన్, ప్రొప్రనొలాల్ దాని పనిని అడ్డుకుంటుంది. అందుకే దడ, వణుకు తగ్గుతాయి, కొందరికి మేమే రాస్తాం కూడా. కానీ ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు తెరుచుకుని ఉండటానికి సాయపడేది కూడా ఆ అడ్రినలినే. దాన్ని అడ్డుకుంటే ఉబ్బసం ఉన్నవాళ్లకి గొట్టాలు బిగుసుకుపోయి ఒక్క మాత్రకే ఆయాసం ముంచుకురావచ్చు, ఆ సమయంలో మీ ఇన్‌హేలర్ కూడా సరిగా పనిచేయకపోవచ్చు. మీ రూమ్మేట్‌కి పడిందంటే అతనికి ఉబ్బసం లేదు కాబట్టి. రేపు ఇంకెవరో అల్ప్రాజోలం అనే ఆందోళన తగ్గించే మాత్ర ఇస్తారు, అదీ వద్దు. దాంతో మత్తుగా ఉంటుంది, జ్ఞాపకం మందగిస్తుంది, ఇంటర్వ్యూలో కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం కదా. పైగా త్వరగా అలవాటు పడే మందు.

ఇంకో చిన్న విషయం. సాల్బుటమాల్ ఇన్‌హేలర్ పీల్చాక కాసేపు గుండె దడ, చేతుల వణుకు రావడం మామూలే. ఆ రోజు లోపలికి వెళ్లే ముందు ఇన్‌హేలర్ వాడారేమో గుర్తుచేసుకోండి. వాడి ఉంటే ఆ వణుకులో కొంత వాటా మందుదే, మీ భయానిది కాదు. అలాగని ఆయాసం వచ్చినప్పుడు వాడకుండా ఉండొద్దు. ఎందుకు వణుకుతోందో తెలిస్తే చాలు, సగం కంగారు తగ్గుతుంది.

ఇక అసలు విషయం. 'మీ గురించి చెప్పండి' అన్న ప్రశ్నలో పులి లేదు, కానీ మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే భాగం ఆ తేడా చూడదు. అడ్రినలిన్ ఒక్కసారిగా విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, నోట్లో లాలాజలం తగ్గుతుంది, కడుపు తిప్పినట్టవుతుంది. ఒత్తిడి హార్మోన్లు ఎక్కువైనప్పుడు బాగా తెలిసిన సంగతి కూడా సమయానికి గుర్తురాదు. ఎంబీబీఎస్ ఫైనలియర్ వైవాలో నేను అంతకుముందు రాత్రే చదివిన మందు పేరు గుర్తురాక ఎగ్జామినర్ బూట్లవైపు చూస్తూ నిలబడ్డాను, ఇప్పటికీ ఆ బూట్ల రంగు గుర్తుంది గానీ ఆయన మొహం గుర్తులేదు. కాబట్టి ఆ పావుగంటలో జరిగింది జబ్బు కాదు, తెలివితక్కువతనం అంతకన్నా కాదు.

మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నది ఆ తర్వాత మీరు చేస్తున్న రెండు పనులు. ఒకటి, రోజూ రాత్రి ఆ సీను మళ్లీ మళ్లీ వేసుకుని చూడటం. చూసిన ప్రతిసారీ మీ వణుకు ఇంకాస్త పెద్దగా, వాళ్ల మొహాలు ఇంకాస్త కోపంగా కనిపిస్తాయి, జరిగింది జరిగినట్టు ఉండదు. నమ్మకం లేకపోతే మీరు రెండు నిమిషాలు మాట్లాడుతూ ఫోన్‌లో వీడియో తీసుకుని చూడండి. లోపల ఎంత దడగా అనిపించిందో బయటికి అంత కనిపించదు, చాలామంది అది చూసి ఆశ్చర్యపోతారు.

దీనికో పద్ధతి ఉంది. సాయంత్రం ఆరింటికి పావుగంట కూర్చుని ఆ ఇంటర్వ్యూని కాగితం మీద పెట్టండి: ఏం అడిగారు, నేనేం చెప్పాను, ఇప్పుడైతే ఏం చెబుతాను. అంతే, 'నేనెందుకూ పనికిరాను' లాంటి వాక్యాలకి అందులో చోటు లేదు. రాత్రి ఆ ఆలోచన వస్తే 'రేపు ఆరింటికి చూద్దాం' అనుకుని వాయిదా వేయండి. మొదటి రెండు మూడు రోజులు పెద్దగా పనిచేయదు, విసుగ్గా కూడా ఉంటుంది, వదలకండి. పడుకుని ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి కూర్చోండి, కానీ ఫోన్ తీయొద్దు. అర్ధరాత్రి లింక్డ్‌ఇన్‌లో క్లాస్‌మేట్ల ఆఫర్ లెటర్లు చూసి నిద్రపోయినవాణ్ని నేనింతవరకు చూడలేదు. ఎన్నింటికి పడుకున్నా పొద్దున ఒకే టైముకి లేవండి. హాస్టల్ కుర్రాళ్లు సాయంత్రం పూట మూడు నాలుగు టీలు తాగుతారు, మీరూ అంతే అనుకుంటా. కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది కాబట్టి మధ్యాహ్నం రెండు దాటాక టీ, కాఫీ మానేయండి.

రెండోది ఇంకా ముఖ్యం, గురువారం వెళ్లకుండా ఉండాలనుకోవడం. వెళ్లకపోతే ఆ క్షణానికి హాయిగా ఉంటుంది, నిజమే. కానీ 'తప్పించుకున్నాను కాబట్టి బతికిపోయాను' అని మెదడు రాసిపెట్టుకుంటుంది, దాంతో తర్వాతి ఇంటర్వ్యూ ఇంకా పెద్ద భూతమవుతుంది. వెళ్లండి. ఉద్యోగం కోసం కాకపోయినా, కుర్చీలో కూర్చుని దడ పెరగడం, పెరిగి దానంతట అదే దిగడం ఒకసారి చూసి రావడానికైనా వెళ్లండి. ఈలోపు రూమ్మేట్ ఎదుట రెండుసార్లు, మీకు అంతగా పరిచయం లేని పక్క రూమువాళ్ల ఎదుట రెండుసార్లు ఆ మొదటి ప్రశ్నకి గట్టిగా జవాబు చెప్పండి. బట్టీ పట్టొద్దు, మొదటి రెండు వాక్యాలు మాత్రం నోటికి వచ్చి ఉండాలి.

ఊపిరి కూడా ఇవాళ్టినుంచే సాధన చేయండి, గురువారం గుమ్మం దగ్గర మొదలుపెడితే లాభం లేదు. ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి, రోజుకు రెండుసార్లు ఐదేసి నిమిషాలు. ఊపిరి నెమ్మదిగా వదులుతున్నప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది. ఖాళీ కడుపుతో వెళ్లకండి, రెండు ఇడ్లీలైనా తినండి.

ఇంట్లోవాళ్ల సంగతి మీరు రాయలేదు, అంటే చెప్పలేదనుకుంటున్నాను. నాన్నగారు ఫోన్ చేసినప్పుడు 'ఇంకా కబురు రాలేదు' అని దాచడం కూడా రోజూ మోసే బరువే. 'అది రాలేదు నాన్నా, గురువారం ఇంకోటి ఉంది' అనేయండి. రెండు మాటలు తిడితే తిడతారు.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి? ఊరికే కూర్చున్నా గుండె వేగంగా కొట్టుకోవడం, బరువు తగ్గడం, ఎక్కువగా చెమట పట్టడం ఉంటే థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించాలి, థైరాయిడ్ తేడా, రక్తహీనత కూడా ఇలాగే కనిపిస్తాయి. రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకపోయినా, ఈ నిద్రలేమి ఇంకో రెండు వారాలు ఇలాగే సాగినా సైకియాట్రిస్టుని కలవండి. చచ్చిపోతే బాగుండు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగొద్దు, దగ్గరున్నవాళ్లకి చెప్పి వెంటనే వెళ్లండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక సాయం ఫోన్ లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, ఉచితం, ఏ వేళకైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రి మీ హాస్టల్‌ నుంచి మెట్రోలో రెండో స్టేషన్. ఆ ఊరి పేరుని మనవాళ్లు తిట్టుగా వాడతారని తెలుసు, కానీ అక్కడి ఓపీకి నిద్ర పట్టక, దడ తగ్గక వచ్చేవాళ్లూ ఉంటారు.

ఇక మీ చివరి ప్రశ్న. చెప్పొచ్చు, తప్పేమీ లేదు. 'కొంచెం టెన్షన్‌గా ఉంది సర్, ఒక్క నిమిషం ఇస్తారా' అని ఒకే ఒక్కసారి అని, మంచినీళ్లు తాగి, మొదలుపెట్టండి. మూడుసార్లు సారీ చెప్పొద్దు. ఇన్‌హేలర్ బ్యాగులో కాకుండా జేబులో పెట్టుకుని వెళ్లండి.