నర్సంపేట డాక్టరమ్మకు

చిరంజీవి డాక్టరమ్మకు ఆశీస్సులు.

బిడ్డా, నీ ఉత్తరం అందింది. నర్సంపేట క్లినిక్‌లన్నీ ఒక్కతాటి మీదికి వస్తే ఊరికి మేలని నువ్వనుకోవడం బాగుంది. కానీ సంఘం, అధ్యక్షుడు, హోటల్లో మీటింగ్ లాంటివి ఇప్పుడే పెట్టుకోకు. అధ్యక్షుడెవరన్న దగ్గరే సగం మంది ఆగిపోతారు. ఎవరి ఓపీకీ గండి పడని పని ఒకటి పట్టుకోండి.

నన్నడిగితే పేషెంటు చేతిలో ఉండే బీపీ, షుగర్ పుస్తకంతో మొదలుపెట్టమంటాను. మన పెద్దమనుషులు ఎలా వస్తారో నీకు తెలుసు. కవరు నిండా చీటీలు. టేబుల్ మీద గుమ్మరిస్తే ఒకటి హన్మకొండ గుండె డాక్టరుది, ఒకటి మీ పక్క వీధి డాక్టరుది, ఒకటి పీహెచ్‌సీది. ఒకే బీపీ మందు టెల్మిసార్టాన్ రెండు కంపెనీల పేర్లతో ఉంటుంది. ఆయన రెండూ మింగి, కళ్లు తిరుగుతున్నాయని నీ దగ్గరికొస్తాడు. దానికి నువ్వింకో మాత్ర రాస్తావు! అందుకని అందరూ ఒకే పుస్తకంలో రాయండి: మందు అసలు పేరు పెద్దక్షరాల్లో, మోతాదు, పడని మందులు, కిడ్నీల పరీక్ష క్రియాటినిన్ చివరిసారి ఎప్పుడు, ఎంత. అట్ట మీద ఏ ఆసుపత్రి పేరూ, ఎవరి ఫొటో వద్దు. ఇక్కడ మాత్రం మొండిగా ఉండు. పేరు వేస్తే పక్క డాక్టరు దాన్ని తెరవడు.

మెడికల్ షాపుల వాళ్లనూ కలుపుకో. పత్తి ఏరి, మిర్చి తెంపి వచ్చినవాళ్లు నడుం నొప్పికి చీటీ లేకుండానే డైక్లోఫెనాక్ కొనుక్కుంటారు. బీపీ, షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీలకు అదేం చేస్తుందో నీకు చెప్పనక్కర్లేదు. షాపతను "పుస్తకం ఏదీ?" అని అడిగినా సగం పని అయినట్టే. ఆర్‌ఎంపీలను తిడుతూ కూర్చోకు. స్టెరాయిడ్ సూదులు వేయొద్దని గట్టిగా చెప్పు, కానీ రాత్రిపూట పాము కరిస్తే ఊళ్లో ముందు తెలిసేది వాళ్లకే. తాడు బిగించకుండా, కోయకుండా, మంత్రాల దగ్గర పొద్దు పోకుండా 108 ఎక్కించమను. పాము విషానికి విరుగుడైన యాంటీవీనం ఏ ఆసుపత్రిలో ఉందో మీరు ముందే కనుక్కుని వాళ్లకు చెప్పాలి.

డెంగీ విషయంలో వానలు పడకముందే అందరూ ఒక మాట మీదికి రండి. జ్వరం మొదటి 5 రోజుల్లో ఎన్‌ఎస్1 రక్తపరీక్ష, తర్వాత ఐజీఎం పరీక్ష. రక్తస్రావం లేనప్పుడు, కౌంటు 10,000 కంటే పడిపోతే తప్ప ప్లేట్‌లెట్లు ఎక్కించే తొందర వద్దు. ఒక్కరు 50,000కే టెన్షన్ పెట్టి వరంగల్‌కు పంపితే, మిగతావాళ్లు ఎంత సరిగ్గా చెప్పినా జనం నమ్మరు. ఇంకో సంగతి. నీకు ఒక కేసు కనిపిస్తుంది, పక్కాయనకు ఒకటి, పిల్లల డాక్టరుకు ఒకటి. మూడూ ఒకే వాడవని ఎవరికీ తెలియదు. రోజూ సాయంత్రం అందరూ వాడ పేరు మాత్రం ఫోన్లో పెట్టుకుంటే, తెల్లారేసరికి పీహెచ్‌సీ వాళ్లు ఆ వాడలో డ్రమ్ములు, కూలర్లు ఒంపించగలరు. పేషెంటు పేరు మాత్రం అందులో పెట్టొద్దు.

టీబీ కేసు తెలియజేయడం 2012 నుంచే ప్రైవేటు డాక్టర్లకూ తప్పనిసరి. అయినా పేషెంటు చేజారిపోతాడని కొందరు దాస్తారు. నిక్షయ్ అనే ప్రభుత్వ టీబీ పోర్టల్లో ఎక్కించినా వైద్యం నీ దగ్గరే సాగుతుంది, పేషెంటుకు తిండి ఖర్చుకు నెలకు 1,000 రూపాయలు వస్తాయి. ఇది వాళ్లకు నచ్చజెప్పు.

ల్యాబ్‌లు డాక్టర్లకిచ్చే కమీషన్ల మాట మొదటి రోజే ఎత్తకు, గొడవైపోతుంది. కానీ ఏ ల్యాబ్ వాళ్లయినా పుస్తకాలు మేమే అచ్చు వేయిస్తామంటే వద్దను. పీహెచ్‌సీ డాక్టరును మొదటిసారి కూర్చున్నప్పుడే పిలువు, తర్వాత పిలిస్తే చుట్టం చూపుగా వచ్చిపోతాడు. అచ్చు ఖర్చు నలుగురూ పంచుకుంటే పెద్ద లెక్కేం కాదు. ముందు 200 పుస్తకాలే వేయించండి. ఏ గడి ఖాళీగా మిగులుతోందో చూసి రెండో విడతలో తీసేయొచ్చు.