బొమ్మ చూపిస్తాడు, కావాల్సింది మాత్రం అడగడు

ప్రశ్న: మా బాబుకి 26 నెలలు. గోడ మీది చార్టులో అరటిపండు, కుక్క, బంతి ఏది అడిగినా వేలు పెట్టి చూపిస్తాడు. ఆకలేస్తే మాత్రం ఏడుస్తూ నా కొంగు పట్టుకుని వంటింట్లోకి లాగడమే. ఆ అరటిపండు బొమ్మే చూపించి అడగొచ్చు కదా! ఎలా నేర్పాలి?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మీరు అడిగితే చూపించడం గుర్తుపట్టడమే. తనంతట తాను అడగాలంటే, బొమ్మ చేతికిస్తే ఎదుటి మనిషి ఆ వస్తువు ఇస్తాడని తెలియాలి. ఆడుకునేదీ బొమ్మే, కాగితం మీదిదీ బొమ్మే మనకి. 9 నెలల పిల్లలూ అలాగే అనుకుంటారు కాబోలు, ఫొటోలోని వస్తువుని గోళ్లతో గీకి తీయబోతారు. ఏడాదిన్నర దాటేసరికి గీకడం పోయి వేలు చూపడం వస్తుంది. అక్కడితో అయిపోలేదు. గదిలో ఆటవస్తువు ఎక్కడ దాచారో ఫొటోలో చూపించి అమెరికాలో జూడీ డెలోచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పిల్లల్ని వెతకమన్నారు. 24 నెలల వాళ్లు చాలావరకు తడబడ్డారు, 30 నెలల వాళ్లు తీసిచ్చారు. మీవాడు ఈ రెంటి మధ్యా ఉన్నాడు.

చార్టుతో ఈ పని కాదు, గోడ మీది బొమ్మ చేతికి రాదు కదా. మీ ఇంట్లో అరటిపండునే ఫొటో తీసి, రెండంగుళాల కార్డుగా లామినేషన్ చేయించండి. కార్టూన్ కన్నా ఫొటో నయం.

ఇద్దరు పెద్దలుండాలి. మీరు పండు ముక్క పట్టుకుని ఎదురుగా కూర్చోండి, మధ్యలో కార్డు. బాబు ముక్క కోసం చెయ్యి చాచగానే, వెనకున్న నాన్న ఆ చేత్తోనే కార్డు తీయించి మీ అరచేతిలో పెట్టించాలి, నోరు మెదపకుండా. కార్డు అందిన మరుక్షణం ‘అరటిపండు!’ అంటూ ముక్క ఇచ్చేయండి. గోరంత ముక్క చాలు, పెద్దదైతే మూడోసారికే కడుపు నిండుతుంది. రోజురోజుకీ నాన్న చేతి సాయం తగ్గాలి. ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ 1985లో తయారుచేసిన, బొమ్మ కార్డు ఇచ్చి అడగడం నేర్పే ‘పెక్స్’ (PECS) పద్ధతిలో మొదటి మెట్టు ఇదే.

ఎక్కువమంది ఇళ్లలో ఇది చెడేది ‘ఏం కావాలి నాన్నా?’ అనే మాట దగ్గర. ఆ ప్రశ్న వినబడితేనే కార్డు ఇవ్వాలని పిల్లాడు నేర్చేసుకుంటాడు. తర్వాత మీరు అడగకపోతే కార్డు ముట్టడు. అరచెయ్యి ముందే చాపినా అదే తంటా.

తనంతట తాను కార్డు ఇవ్వడం వచ్చాక మీరు నాలుగడుగులు దూరం జరగండి. లేచి వచ్చి ఇస్తున్నాడంటే రెండో కార్డు పెట్టొచ్చు, అదీ వాడికి అక్కర్లేనిది, సాక్సులాంటిది. సాక్సు కార్డు ఇస్తే ‘కాదు కాదు’ అనకండి, సాక్సే చేతిలో పెట్టండి. మొహం చిట్లించి కార్డుల వంక మళ్లీ చూస్తాడు చూడండి, తేడా అప్పుడే తెలుస్తోందన్నమాట.

కార్డులిస్తే మాటలు ఆగిపోతాయన్న భయం అక్కర్లేదు. ఇంకా రెండు మాటలు కలిపి అనకపోతే మాత్రం వినికిడి పరీక్ష చేయించి, స్పీచ్ థెరపిస్టుకి చూపించండి. ఈలోగా కార్డులు మానొద్దు.