గుట్ట ఎత్తేస్తే సరిపోదమ్మా

బరంపురం,
కార్తీక మాసం.

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

"సంక్రాంతి వెళ్ళగానే టిప్పర్లు వస్తాయట మావయ్యా, వారంలో మొత్తం ఎత్తేస్తారట" అని నిన్న రాత్రి నువ్వు ఫోన్‌లో సంబరంగా చెబుతుంటే నేను ముభావంగా ఉండిపోయాను. నువ్వు చిన్నబుచ్చుకున్నావని గొంతులోనే తెలిసింది. మూడేళ్ళు కాళ్ళరిగేలా తిరిగి, మీ వీధి వెనక షెడ్డులో పడున్న ఆ ఫ్యాక్టరీ వ్యర్థాల గుట్టను కదిలించే దాకా తెచ్చావు. రాయగడలో ఇంకెవరూ చేయని పని అది. కానీ మా వీధికి కూడా ఒకసారి ఇలాగే టిప్పర్లు వచ్చాయి. మేం వాటికి కొబ్బరికాయ కొట్టి మరీ స్వాగతం చెప్పాం. తర్వాత జరిగింది నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. ఫోన్‌లో చెప్పే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను.

మా వీధి చివర ఇనుప సామానుకు క్రోమ్ పూత వేసే చిన్న షెడ్డు ఉండేది. అది మూతపడ్డాక డ్రమ్ములు, తొట్లలో గడ్డకట్టిన మడ్డి అలాగే వదిలేసి పోయారు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఆ షెడ్డు రేకులు లేచిపోయాయి, డ్రమ్ములు దొర్లి వీధిలోకి వచ్చాయి. ఊరంతా చెట్లు, స్తంభాలు పడిపోయి ఉంటే ఆ డ్రమ్ములను ఎవరు పట్టించుకుంటారు?

మరుసటి ఎండాకాలం మా పెరటి ఇటుక గోడకు అడుగున, జానెడు ఎత్తు దాకా, నిమ్మపండు రంగు పొర పూసింది. గోడకు ఉప్పు పూస్తుందే, అలాగే, కాకపోతే పసుపు. మీ అత్త దాన్ని చీపురుతో గీకి తడిగుడ్డతో తుడిచేది. పది రోజులకల్లా మళ్ళీ పూసేది. ఆమె వేళ్ళ సందుల్లో చిన్న చిన్న పుండ్లు లేచి, అంచులు గట్టిపడి, ఎంతకీ మానేవి కావు. బట్టల సబ్బు పడటం లేదనుకున్నాం. నేను ముప్పై ఏళ్ళు బడిలో సైన్స్ చెప్పిన మనిషిని. క్రోమియం లవణాలు పసుపు, నారింజ రంగుల్లో ఉంటాయని ఏటా పిల్లలతో వల్లె వేయించినవాణ్ణి. ఆ పొరేమిటో నేను పోల్చుకోలేకపోయాను. ఆ బాధ నాకిప్పటికీ ఉంది.

అందరం సంతకాలు పెట్టి గొడవ చేస్తే ఒక కాంట్రాక్టరును పంపారు. నాలుగు రోజుల్లో నేల చదునైపోయింది. ఆ మట్టి ఎక్కడికి పోతోందని ఒక్కరం కూడా అడగలేదు. రెండు వీధుల అవతల ఇళ్ళ స్థలాల పల్లం పూడ్చడానికి వాడేశారని తర్వాత తెలిసింది. వానలు పడ్డాక అక్కడి బోరింగు నీళ్ళు మారాయి. స్టీలు గ్లాసులో చూస్తే ఏమీ లేదు, తెల్ల పింగాణీ పళ్ళెంలో పోస్తే లేత పసుపు. మా గోడకు పొర పూయడం ఆగలేదు. అంటే ఒకచోట ఉన్న విషాన్ని రెండు చోట్లకు పంచామన్నమాట. రెండోసారి అసలైన శుభ్రం చేయించడానికి మరో నాలుగేళ్ళు పట్టింది.

అందుకే చెబుతున్నాను, టిప్పరు రావడానికి ముందు ఆ గుట్టలో ఉన్నదేమిటో తెలియాలి. "కెమికల్ వేస్టు" అని రాసిన కాగితం ఎందుకూ పనికిరాదు. ఒక్కో విషానికి ఒక్కో నడక ఉంటుంది. క్రోమియంలో హెక్సావలెంట్ అనే రకం నీళ్ళలో ఇట్టే కరిగి, నీళ్ళు పోయిన చోటికల్లా పోతుంది. దాని పొడి ఏళ్ళ తరబడి పీల్చినవాళ్ళకు ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చే ముప్పు ఉంది. దాన్నే ట్రైవాలెంట్ రకంగా మారిస్తే మట్టిని పట్టుకుని చాలా వరకు కదలకుండా ఉంటుంది. మన ఇళ్ళల్లో ఒకప్పుడు అన్నభేది అనేవాళ్ళు చూడు, ఆ ఫెర్రస్ సల్ఫేటుతోనే ఈ మార్పు చేస్తారు. పాత బ్యాటరీల సీసమైతే పైమట్టిలోనే ఉండిపోయి, ఆడుకునే పిల్లల చేతుల నుంచి నోట్లోకి పోతుంది. దానికి అన్నభేది పనిచేయదు. పాదరసం దారి వేరు, అది నీటి అడుగు బురదలో చేరి అక్కణ్ణించి చేపల్లోకి వస్తుంది. గంజాంలో రుషికుల్య సముద్రంలో కలిసే చోట పాదరసం వాడి కాస్టిక్ సోడా తయారుచేసినందువల్ల ఏం జరిగిందో మా బరంపురం యూనివర్సిటీ వాళ్ళు ఏళ్ళ తరబడి పరిశోధించారు. కాబట్టి మందేమిటో చెప్పే ముందు రోగమేమిటో చెప్పమని అడుగు.

పరీక్ష అంటే గుట్ట మీద నుంచి ఒక గుప్పెడు తీసి సీసాలో వేయడం కాదు. స్థలమంతా గళ్ళు గీసి, ఒక్కో గడిలో పైన ఒకటి, అర మీటరు లోతులో ఒకటి, మీటరు లోతులో ఒకటి తీయాలి. గుట్టతో సంబంధం లేని ఎగువ చోటు నుంచి కూడా మట్టి తీసి పోల్చాలి. లేకపోతే "ఈ నేలలో సహజంగానే ఉంటుందండీ" అనేస్తారు. మాకు అన్నారు కూడా. బావులు, బోరింగులు గుట్టకు ఎగువన ఎన్ని, దిగువన ఎన్ని అని పటం గీయండి. నీళ్ళలో హెక్సావలెంట్ క్రోమియం చూడాలంటే సీసాను ఐసు పెట్టెలో పెట్టి 24 గంటల్లోపు ల్యాబులో పరీక్ష మొదలయ్యేలా చూడాలి. మీ ఊరి నుంచి పెద్ద ల్యాబు దూరం కాబట్టి బండి టైము చూసుకునే నీళ్ళు పట్టాలి. ల్యాబుల పనితీరు చూసి గుర్తింపునిచ్చే ఎన్ఏబీఎల్ సంస్థ ఆమోదం ఉన్న ల్యాబే కావాలి. ప్రతి నమూనాలో సగం మీకు సీలు వేసి ఇవ్వమనండి. సీసా మీద తేదీ, టైము, చోటు, తీసినవాళ్ళ సంతకం ఉండాలి.

అంకెలు వచ్చాక దేనితో పోల్చాలో కూడా తెలిసుండాలి. తాగేనీటికి ఐఎస్ 10500 అనే మన దేశ ప్రమాణం ఉంది. లీటరుకు క్రోమియం మొత్తం 0.05 మిల్లీగ్రాములు, సీసం 0.01, పాదరసం 0.001 దాటకూడదు. పసుపు కంటికి కనిపించేసరికే క్రోమియం ఆ గీతను ఎన్నో రెట్లు దాటేసి ఉంటుంది. రంగు లేనంత మాత్రాన మంచి నీళ్ళు అనుకోవద్దని మీ వీధి ఆడవాళ్ళకు మరీ మరీ చెప్పు. కాచినా ఉపయోగం లేదు, నీరు ఆవిరై విషం ఇంకాస్త చిక్కబడుతుంది. ఈ పరీక్షలన్నీ తేలేదాకా టాంకరు నీళ్ళు కావాలని ఇప్పుడే అర్జీ పెట్టండి. టాంకరు నీళ్ళకూ గుట్ట ఎత్తే పనికీ ముడిపెట్టనివ్వొద్దు.

అర్జీలు ఒడియాలో రాయించు. మనం ఇంట్లో తెలుగు మాట్లాడుకున్నా ఆఫీసులో ఫైలు నడిచేది ఒడియాలోనో ఇంగ్లీషులోనో. ఒడియా బాగా రాయగలిగిన వాళ్ళు మీ వీధిలోనే ఉంటారు, వాళ్ళను ముందు నిలబెట్టు. ఇది తెలుగువాళ్ళ గొడవ అన్న మాట రాకుండా ఉంటుంది. పొల్యూషన్ బోర్డు రీజినల్ ఆఫీసు రాయగడలోనే ఉంది, మీకది సులువు. 2025 జులై 24న కేంద్రం కలుషిత స్థలాల మీద కొత్త రూల్స్ తెచ్చింది. వాటి ప్రకారం అనుమానం ఉన్న స్థలాల వివరాలు ఆరు నెలలకోసారి జిల్లా యంత్రాంగమే పంపాలి. బోర్డు 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన చేయాలి, కలుషితమని తేలితే కారకులెవరో గుర్తించి ఖర్చు వాళ్ళ చేత పెట్టించాలి. గనుల తవ్వకం, మామూలు మున్సిపాలిటీ చెత్త ఈ రూల్స్ కిందికి రావు. అందుకే మీది ఫ్యాక్టరీ వ్యర్థమని మొదటి వాక్యంలోనే రాయండి. కలెక్టరాఫీసు ముద్ర పడిన కాపీ లేకుండా ఇంటికి రావద్దు.

ఎక్కడా కదలిక లేకపోతే పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ ఉంది. ఒడిశాకు కోల్‌కతా బెంచి. నష్టపరిహారం అడగని దరఖాస్తుకు రుసుము వెయ్యి రూపాయలే. కానీ తల్లీ, కోర్టు మీదే భారం వేసి కూర్చోవద్దు. రాజస్థాన్‌లో బిచ్చడి అనే ఊళ్ళో రసాయన ఫ్యాక్టరీల మడ్డి వల్ల బావులు పాడైపోతే, పాడుచేసినవాళ్ళే ఖర్చు భరించాలని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ డబ్బు కట్టమని 2011లో మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. ఆ పదిహేనేళ్ళూ ఆ ఊళ్ళో జనం నీళ్ళు తాగకుండా ఉన్నారా?

ఇక తవ్వే రోజుల సంగతి. నాకు అన్నిటికన్నా భయం ఇదే. ఏళ్ళ తరబడి కదలకుండా పడున్న పొడి ఆ వారంలోనే గాల్లోకి లేస్తుంది. సంక్రాంతి తర్వాత అన్నారు కదా, వాన లేని కాలం కాబట్టి మంచిదే. దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లాలి, అయితే మడుగు కట్టేలా కాదు. చుట్టూ కట్ట వేసి, కారిన నీళ్ళను తొట్టిలో పట్టి దాన్నీ వ్యర్థంగానే పంపాలి, కాలవలోకి వదలకూడదు. మీ కాలవ నాగావళిలో కలుస్తుంది. ఆ నీళ్ళే కింద తోటపల్లి బ్యారేజీకి పోతాయి, మన్యం, శ్రీకాకుళం రైతుల పొలాలకు పారుతాయి. టిప్పరు మీద టార్పాలిన్ కట్టి, చక్రాలు కడిగాకే గేటు దాటాలి. బడి వదిలే టైములో బండి కదలకూడదు. ఆ రోజుల్లో బట్టలు బయట ఆరేయొద్దు, అరుగులు చీపురుతో ఊడ్చొద్దు, తడిగుడ్డ పెట్టి తుడవండి. చెప్పులు గుమ్మం బయటే ఉండాలి.

తవ్వే కూలీలను కూడా చూసుకో. మా దగ్గర ఒక కుర్రాడు ముఖానికి తువ్వాలు కట్టుకుని, ఉత్త చేతులతో మడ్డి ఎత్తాడు. మధ్యాహ్నం ఆ చేతులతోనే మా అరుగు మీద కూర్చుని అన్నం తిన్నాడు. నేను చెంబుతో నీళ్ళిచ్చాను గానీ ఆ పని ఆపమని చెప్పలేదు. మాస్కులు, గ్లవుజులు, బూట్లు, స్నానానికి నీళ్ళు లేకపోతే పని మొదలుపెట్టనివ్వకు.

బండి ఎక్కడికి పోతోందన్నది మాత్రం వదలొద్దు. ప్రమాదకర వ్యర్థాలు తీసుకెళ్ళే ప్రతి బండికీ ఫారం 10 అని మానిఫెస్టు, అంటే సరుకు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో రాసే పత్రం, ఉండాలి, ఏడు కాపీలు. పంపినవారు, తీసుకెళ్ళేవారు, దించుకున్నవారు సంతకాలు పెట్టాలి. ఒడిశాలో ఇలాంటివి పూడ్చడానికి జాజ్‌పూర్ జిల్లా కంచిచువాఁలో ప్రత్యేక కేంద్రం ఉంది. రాయగడ నుంచి అంత దూరం పోవాల్సిన టిప్పరు మధ్యాహ్నానికల్లా ఖాళీగా తిరిగొచ్చిందంటే అర్థం చేసుకో. మీ గేటు దగ్గర ఒక నోటుబుక్కు పెట్టి బండి నంబరు, వెళ్ళిన టైము, వచ్చిన టైము రాయించు. రిటైరైన వాళ్ళకు ఆ పని అప్పగించు, శ్రద్ధగా చేస్తారు.

ఆ తర్వాత అందరూ ఇళ్ళకు పోతారు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. 2025 జనవరి మొదట్లో విషవాయువు లీకైన భోపాల్ పాత యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి 337 టన్నుల వ్యర్థాలను 12 కంటైనర్లలో పీథంపూర్ అనే ఊరికి తీసుకెళ్ళి, జూన్ నెలాఖరుకు కాల్చేశారు. నలభై ఏళ్ళ పీడ వదిలిందన్నారు. కానీ ఆవరణలో పాతిపెట్టింది, చుట్టుపక్కల కాలనీల భూగర్భ జలంలో కలిసింది ఆ కంటైనర్లలో ఎక్కలేదు. మీ గుట్ట అడుగున కూడా అలాగే మిగిలి ఉంటుంది. గొయ్యి పూడ్చకముందే దాని అడుగు నుంచి, నాలుగు పక్కల నుంచి మళ్ళీ మట్టి తీసి పరీక్షించమనండి. అంకె ఎక్కువుంటే ఇంకా తవ్వాలి. పూడ్చడానికి తెచ్చే మట్టినీ పరీక్షించాలి, మా పల్లం కథ గుర్తుంచుకో. బావుల నీళ్ళు వానలకు ముందొకసారి, తర్వాతొకసారి చూడాలి, కనీసం ఐదేళ్ళు. చివరి బిల్లులో కొంత ఆ పరీక్షలు అయ్యేదాకా ఆపి ఉంచాలని కాంట్రాక్టులోనే రాయించగలిగితే సగం గెలిచినట్టే. మాకు రెండోసారి పని నిలబడింది దానివల్లేనని నా నమ్మకం.

ఇంకొక్క మాట. ఆ షెడ్డులో పనిచేసినవాళ్ళు మీ వీధిలో రెండు మూడు ఇళ్ళున్నాయని చెప్పావు. వాళ్ళను దోషుల్లా చూడనివ్వకు. ఏ తొట్టిలో ఏం పోసేవారో, ఎక్కడ గొయ్యి తీసి పూడ్చారో వాళ్ళకు తెలిసినంతగా ఏ ఇంజినీరుకూ తెలియదు. మాకు పూడ్చిన గొయ్యి చూపించింది అలాంటి పెద్దాయనే. మేం పదిసార్లు వాళ్ళింటికి వెళ్ళి కూర్చున్నాకే నోరు విప్పాడు.

వచ్చే వారం హీరాఖండ్ రైలెక్కి వస్తున్నాను. మూతలు గట్టిగా పట్టే సీసాలు, ఐసు పెట్టె నేను తెస్తాను. నేనొచ్చేలోగా వీధిలో ప్రతి ఇంటి బోరింగు, బావి లెక్క రాసి, పటం గీసి ఉంచు. తెల్ల పింగాణీ పళ్ళెం ఒకటి తీసి పెట్టు.

మీ మావయ్య